ఏడు సముద్రాల అవతల పుట్టగొడుగుల కూర

ఉరిమిందే ఉరిమిందే ఉత్తరాన మబ్బు
విరిసిందే విరిసిందే పుట్ట మీద గొడుగు
ఏరి తెచ్చి దాకలో వేసిందే చెల్లి
ఊఁ ఊఁ ఊఁ ఊఁ... మల్లి

నాలుగో పాదం సింగవ్వకి గుర్తు లేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ వెనకాల బుట్ట పట్టుకుని అడవిలో తిరుగుతూ పాడిన పాట అది. చివర మల్లి అనే మాట ఒకటి ఉందని తెలుసు. ఆ మల్లి పువ్వో, పిల్లో, ఆవుదూడో తెలీదు. అందుకని అక్కడికి వచ్చేసరికి ఊఁ ఊఁ అని మూలిగి, మల్లి అని మాత్రం గట్టిగా ముగించేది.

ఈ సింగవ్వ ఏ కాలం మనిషంటే, పిల్లలూ, మీ తాతల తాతలకి పాలపళ్లు కూడా రాని కాలం మనిషి. అప్పుడు కుంకుమగిరి అని ఒక రాజ్యం, దానికి రత్నకేతు అని ఒక రాజు. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు విజయకేతు, చిన్నవాడు పుష్పకేతు. రాజ్యం చివర ఒక కొండ, కొండ కింద పుట్టలగూడెం. ఆ గూడెంలో సింగవ్వ, ఆమె మనవరాలు పొన్నారి ఒక పాకలో ఉండేవాళ్లు. పొన్నారికి తల్లీ తండ్రీ లేరు. సింగవ్వకి పొన్నారి తప్ప ఎవరూ లేరు.

గూడెం వాళ్లకి పొలాలు తక్కువ, పుట్టలు ఎక్కువ. చెదలు పెట్టిన ఎర్రమట్టి పుట్టలు మనిషెత్తున ఉండేవి. ఏడాది పొడుగునా అవి ఏమీ ఎరగనట్టు కూర్చునేవి. తొలకరిలో మొదటి ఉరుము ఉరిమిందా, వాటికి మెలకువ వచ్చేది. మూడో రోజు పొద్దున వెళ్లి చూస్తే పుట్ట నిండా తెల్లటి పుట్టగొడుగులు, బడికి పోయే పిల్లల్లాగా తలలు వంచుకుని బారులు తీరి ఉండేవి. వాటిని పలుగుతో తవ్వకూడదు. రెండు వేళ్లతో మొదలు పట్టుకుని, నిద్రపోయే పసిపాప చేతిలోంచి ఆటబొమ్మ తీసినట్టు మెల్లగా తిప్పి తియ్యాలి. బాగా విచ్చుకుని ముసలివైన వాటిని పుట్టకే వదిలెయ్యాలి.

ఆ గూడెంలో ఒక కట్టు ఉంది. పుట్టగొడుగులు వండే పూట తలుపు వెయ్యకూడదు. కూర వాసన ఎవరి ముక్కుకి తగిలితే వాళ్లకి ఒక ముద్ద పెట్టాలి. చుట్టమైనా సరే, నిన్న పోట్లాడినవాడైనా సరే, దారిన పోయే బైరాగైనా సరే. అందుకే తొలకరి రోజుల్లో గూడెంలో ఎవరూ ఇంట్లో కూర్చునేవాళ్లు కాదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఆ పక్క వీధి అరుగు మీద చేరి, ఊరికే వచ్చామన్నట్టు కబుర్లు చెప్పుకునేవాళ్లు.

అలాంటి గూడేనికి ఒక కష్టం వచ్చింది. ఒక ఏడు తొలకరి వచ్చింది, ఉరుము రాలేదు. మబ్బులు మూగవాళ్లలా వచ్చి మూగవాళ్లలా పోయాయి. చినుకు పడలేదు, పుట్ట లేవలేదు. రెండో ఏడూ అంతే. మూడో ఏడూ అంతే. బావుల్లో నీళ్లు అడుగంటాయి. గూడెం పెద్దలు కూర్చుని, వచ్చే అమావాస్య దాకా చూసి, అప్పటికీ ఉరమకపోతే అందరూ గూడెం విడిచి దేశం మీద పోవాలని తీర్మానించారు. పొన్నారిని కూడా తీసుకుపొమ్మని, తను మాత్రం పుట్టల్ని విడిచి రానని సింగవ్వ చెప్పింది. నువ్వు రాకపోతే నేనూ రానని పొన్నారి చెప్పింది. ఇద్దరూ మొండివాళ్లే. పిల్ల ఇక్కడే ఉంటే దాహానికి చచ్చిపోతుందని సింగవ్వకి తెలుసు. ఆ ఒక్క భయం ఆమెకి పగలూ రాత్రీ గుండెల్లో కలుక్కుమంటూనే ఉండేది.

అక్కడ కోటలో రాజు కూడా అదే దిగులుతో కొడుకుల్ని పిలిచాడు. ఉరుముని తెచ్చినవాడికే సింహాసనం అన్నాడు. పెద్దవాడు జయకేతు వెయ్యి మంది సైన్యంతో, కొమ్ములూ బాకాలూ ఊదించుకుంటూ పుట్టలగూడెం మీదుగా వెళ్లాడు. తిరిగి రాలేదు. నడిమివాడు విజయకేతు నూరు ఏనుగులతో, డప్పులు కొట్టించుకుంటూ గూడెం మీదుగా వెళ్లాడు. అతనూ తిరిగి రాలేదు. ఇద్దరూ గూడెంలో ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

చిన్నవాడు పుష్పకేతు ఒంటరిగా గుర్రం మీద వచ్చాడు. సింగవ్వ పాక ముందు దిగి, తాగడానికి నీళ్లున్నాయా అని అడిగాడు. పొన్నారి పుట్ట మొదట్లో చెంబెడు నీళ్లు పోసి వస్తోంది. ఉన్న నీళ్లలో రోజూ ఒక చెంబు పుట్టకి పొయ్యాలని ఆ పిల్ల నియమం.

ఇప్పుడే పుట్ట తాగేసింది, మిగిలింది రెండు గుక్కలు, ఒకటి నీకు, ఒకటి గుర్రానికి అంది పొన్నారి. రాజకుమారుడు తన గుక్క కూడా గుర్రానికే పట్టించాడు. పొన్నారి అది చూసి, లోపలికి వెళ్లి అవ్వ కోసం దాచిన గుక్కెడు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

అప్పుడు పుష్పకేతు సింగవ్వ ముందు నేల మీదే కూర్చున్నాడు. ఉరుము సంగతి ఎవరిని అడిగినా తెలీదంటున్నారు, ఉరుము కోసం ప్రతి ఏడూ చెవులు రిక్కించి ఎదురుచూసేది మీరే కదా, అందుకని మీ దగ్గరికి వచ్చాను అన్నాడు.

ఆ మాటకి సింగవ్వ మనసు మెత్తబడింది. ఎక్కడుందో నాకూ తెలీదు నాయనా, పద, ఇద్దరం వెతుకుదాం అంది. ఈ వయసులో నువ్వెక్కడికి పోతావని పొన్నారి గోల పెట్టింది. నీ కోసమే పోతున్నానని సింగవ్వ చెప్పలేదు. ఊరికే కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి, నాలుగడుగులు నడిచొస్తానంది. పొయ్యి మీద దూలానికి వేలాడే దండ ఒకటి దించింది. మూడేళ్ల కిందట ఎండబెట్టిన పుట్టగొడుగుల ఒరుగులు అవి. గూడెం మొత్తానికి మిగిలినవి ఆ గుప్పెడే. వాటిని, పిడికెడు ఉప్పుని, నాలుగు ఉల్లిపాయల్ని, పసుపు కొమ్ముని, మిరియాల్ని, కుడకెడు నువ్వుల నూనెని, కొర్రబియ్యాన్ని మూట కట్టింది. మట్టి దాకని నెత్తిన బోర్లించుకుంది. ఎండకి గొడుగులాగా పనికొస్తుందని.

గుర్రాన్ని పొన్నారికి అప్పగించి ఇద్దరూ పోయారు, పోయారు, పోయారు. దారిలో ఒక అలుగు, ఒంటి నిండా పెంకులున్న జంతువు, ఎండకి సోలిపోయి ఉండలా చుట్టుకుని పడుంది. సింగవ్వ చెంబులో అడుగున మిగిలిన నీళ్లతో తన కొంగు తడిపి దాని మీద కప్పింది. అలుగు కళ్లు తెరిచి మాట్లాడింది. ఉరుముని జటాళుడనే మాంత్రికుడు కుండలో పెట్టి మూత వేశాడట. ఏడు సముద్రాల అవతల, చెట్టూ చేమా లేని దీవిలో ఉంటాడట. చెప్పి ఊరుకోలేదు. ఇన్నాళ్లూ మీ పుట్టల్లో చెదల్ని తిని బతికాను, ఇదిగో నా వంతు అని, చెదలున్న పుట్టమట్టి ముద్ద ఒకటి ఇచ్చింది. సింగవ్వ దాన్ని ఆకులో చుట్టి మూటలో పెట్టుకుంది.

సముద్రం ఒడ్డున పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. రాజకుమారుడు భుజం ఆనించి దాన్ని బోర్లా తిప్పాడు. వాళ్లెక్కడికి పోతున్నారో విని తాబేలు నిట్టూర్చింది.

"జటాళుడి ప్రాణం వాడి ఒంట్లో లేదు బాబూ. ఒక చిలకలో దాచాడు. ఆ చిలక ఎక్కడుందో మూడు వందల ఏళ్లుగా ఎవరికీ తెలీదు."

చిలకని పట్టి మెడ విరిచేస్తే సరి అని పుష్పకేతు కత్తి సవరించుకున్నాడు.

తాబేలు ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు. కల్లు సముద్రం దగ్గర తాబేలు కాస్త అడ్డదిడ్డంగా ఈదింది. నేతి సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. మంచినీళ్ల సముద్రం రాగానే సింగవ్వ చెంబు ముంచి, ఇంత నీరు ఇక్కడ ఎవరికీ కాకుండా పడుందే అని కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

దీవిలో పెద్ద రాతి ఇల్లు. ఇంట్లో నూరు గదులు, ఒక్క పొయ్యి లేదు. పెరట్లో మాత్రం వెదురు తడికలతో అల్లిన పెద్ద గాదె ఉంది. తిండే వండని ఇంటికి ధాన్యం గాదె ఎందుకా అని సింగవ్వ ముక్కు మీద వేలేసుకుంది. అంతలో జటాళుడు వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు, మోకాళ్ల దాకా జడలు, బూడిద రంగు మొహం. మనిషి ఎండిపోయిన గుమ్మడి తీగలా ఉన్నాడు. సింగవ్వకి భయం వెయ్యాల్సింది. జాలి వేసింది.

ఉరుము కావాలంటే మూడు పనులు చెయ్యాలన్నాడు జటాళుడు. ఒక్కటి తప్పినా బండరాళ్లవుతారన్నాడు.

మొదటి పని చెప్పాడు. చప్పట్లు చరిచేసరికి పెరటి నిండా పుట్టగొడుగులు లేచాయి. పగడంలా ఎర్రనివి, బంగారంలా పచ్చనివి, మల్లెల్లా తెల్లనివి. వీటిలో తినదగినవి ఏరమన్నాడు. రాజకుమారుడు వేలి ఉంగరం తీశాడు. విషమున్న దానికి తగిలితే వెండి నల్లబడుతుందని ఆస్థాన వైద్యుడు చెప్పాడట. వెండికేం తెలుసు నాయనా, అది ఎప్పుడైనా అన్నం తిన్నదా అని సింగవ్వ ఆ ఉంగరాన్ని మళ్లీ అతని వేలికే తొడిగింది. ఒక్కొక్కదాన్నీ వంగి చూసింది. పూర్తిగా చూశాక చేతులు దులుపుకుని నిలబడింది.

"మా అమ్మ చూపించినవి నేను ఎరుగుదును. ఇవి నేను ఎరగను. ఎరగనివి ఏరను."

జటాళుడి మొహం నల్లబడింది. అదే సరైన జవాబు. అన్నీ విషపువే.

రెండో పని చెప్పాడు. ఉరుము కుండ ఏడు గదుల లోపల ఉంది. ఒక్కో గదికి ఒక్కో టేకు తలుపు, బెత్తెడు మందం. కత్తి తగలకూడదు, గొడ్డలి తగలకూడదు, నిప్పు తగలకూడదు, తలుపులు తియ్యాలి. సింగవ్వ మూట విప్పి పుట్టమట్టి ముద్దని మొదటి తలుపు గడప మీద పెట్టింది. చెదలు బిలబిలమని బయటికొచ్చి, మూడేళ్లుగా ఇంత విందు ఎరగమని తలుపులు తినడం మొదలుపెట్టాయి. సింగవ్వ గోడకి ఆనుకుని కునుకు తీసింది. లేచేసరికి ఏడు తలుపులూ ఏడు పొడి కుప్పలు. లోపల చీకట్లో కుండ మాత్రం గుర్రుమంటోంది. రాజకుమారుడు మూత లాగాడు. రాలేదు. జటాళుడు నోటితో చెబితే తప్ప ఆ మూత రాదు.

మూడో పని చెప్పేటప్పుడు జటాళుడు మొదటిసారి నవ్వాడు.

"నాకు ఆకలి పుట్టించు ముసలీ. పుట్టిస్తే కుండ నీదే."

మూడు వందల ఏళ్లుగా అతనికి ఆకలి లేదట. ఒకప్పుడు తొలి ఉరుము వినపడగానే లోకమంతా నోరూరించుకుని పుట్టల వైపు పరిగెత్తడం దీవిలోంచి చూసేవాడట. తనకి మాత్రం నోరు ఊరేది కాదట. ఒకరి సంబరం చూస్తూ ఎన్నేళ్లని కూర్చోవడం అని, ఉరుముని పట్టి కుండలో పెట్టేశాడు. అదీ సంగతి.

సింగవ్వ పొయ్యి పెట్టడానికి రాళ్లు వెతికింది. పెరట్లో గుండ్రటి రాళ్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. మూడోది దూరం నుంచి దొర్లించుకొచ్చి, గాదె పక్కన గాలి తగలని చోట పొయ్యి పెట్టింది. రాజకుమారుణ్ణి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పుల్లలు ఏరుకురమ్మంది. మనుషుల చేత ఏరించుకునే అలవాటే గానీ ఏరే అలవాటు లేని పిల్లవాడు, తడివీ పొడివీ కలిపి తెచ్చాడు. నీకు పుల్లలు ఏరడం మా పొన్నారి నేర్పాలి అంది సింగవ్వ. ఆ పేరు వినగానే అతను మళ్లీ వెళ్లి, ఈసారి అన్నీ పొడివే తెచ్చాడు.

ఒరుగుల్ని మంచినీళ్ల సముద్రపు నీళ్లు గోరువెచ్చన చేసి నానబెట్టింది. ముడుచుకుపోయినవి మెల్లగా ఒళ్లు విరుచుకున్నాయి. ఇసక అడుగున తేరేదాకా ఆగి, పైనుంచి తీసి పిండింది. ఆ తేరిన నీళ్లు పారబొయ్యలేదు, సారమంతా అందులోనే ఉంటుంది. దాక కాగాక నూనె వేసి, ఉల్లిపాయలు కోసి వేసి, తొందరపడకుండా ఎర్రగా వేగనిచ్చింది. పసుపు, ఉప్పు వేసింది. మిరియాలు దంచి వేసింది. తర్వాత పుట్టగొడుగుల్ని చేత్తో చీలికలు చేసి వేసి, పాట అందుకుంది. ఊఁ ఊఁ మల్లి దాకా వచ్చేసరికి తేరిన నీళ్లు పోసి, మూత పెట్టింది. వేరే పొయ్యి లేదు గనక కొర్రన్నం ముందే వండి గుడ్డలో కట్టి ఉంచింది.

కాసేపటికి మూత కింద నుంచి వాసన బయల్దేరింది. పిల్లలూ, ఆ వాసన ఎలాంటిదని చెప్పను. తడిసిన మట్టి వాసన, కోడికూర వాసన, అమ్మ చీర కొంగు వాసన, మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. రాజకుమారుడి కడుపు గుర్రుమంది. జటాళుడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ముక్కు అదరలేదు, పెదవి కదల్లేదు.

నా పని అయిపోయింది అనుకుంది సింగవ్వ. గుప్పెడు ఒరుగులూ అయిపోయాయి. ఇక్కడ రాయినైతే పొన్నారి నా కోసం ఆ ఎండిన గూడెంలోనే కూర్చుంటుంది, రాననే తెలుసుకోదు.

అప్పుడు గాదె లోపల నుంచి ఒక సన్నటి గొంతు వినపడింది.

"అవ్వా, నాకో ముద్ద పెట్టవా?"

జటాళుడు కొరడా దెబ్బ తిన్నట్టు లేచాడు. రాజకుమారుడికి అర్థమైపోయింది. ప్రాణం ఎక్కడుంటే ఆకలీ అక్కడే ఉంటుంది. జటాళుడు ప్రాణంతో పాటు ఆకలిని కూడా తెలీకుండానే చిలకలో పెట్టేశాడు. పుష్పకేతు ఒక్క దూకులో గాదె తడిక చీల్చి చెయ్యి పెట్టాడు. ఎముకలూ ఈకలూ తప్ప ఏమీ లేని పచ్చటి చిలక అతని పిడికిట్లోకి వచ్చింది. జటాళుడి గొంతు బిగుసుకుపోయింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

విరిచెయ్యమంటావా అవ్వా అని రాజకుమారుడు అడిగాడు. ఒక్క నొక్కు నొక్కితే అన్నీ తీరిపోతాయి.

సింగవ్వ చిలక వంక చూసింది. ముక్కు తెరుచుకుని దాక వైపే చూస్తోంది పిచ్చిది.

"వదులు నాయనా. వాసన దాని ముక్కుకి తగిలింది. ముద్ద పెట్టకుండా ఎలా?"

అది శత్రువు ప్రాణమని అతను గుర్తు చేశాడు. శత్రువైతే ఏం, మా గూడెంలో శత్రువులకి కూడా పెడతాం, మా కట్టు అది, సముద్రం దాటితే మారిపోతుందా అంది. దాక దించి, కొర్రన్నంలో కూర కలిపి, ఊది చల్లార్చి, గోరంత ముద్ద చేసి చిలక నోట్లో పెట్టింది. చిలక మింగింది. కళ్లు మూసుకుంది.

అక్కడ మోకాళ్ల మీద ఉన్న జటాళుడు చేత్తో నోరు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతిని వింతగా చూసుకున్నాడు. నోట్లో నీళ్లు ఊరుతున్నాయి. పొట్ట పట్టుకున్నాడు.

"ఇక్కడ ఏదో పీకుతోంది. నన్నేం చేశావు?"

"ఏం చెయ్యలేదు. అది ఆకలి, తమ్ముడూ."

చిలక పుష్పకేతు చేతిలోంచి ఎగిరి జటాళుడి భుజం మీద వాలింది. అప్పుడు అతనికి కొత్త భయం పట్టుకుంది. ప్రాణం ఒంట్లోకి వచ్చేస్తే నేను కూడా ఏదో ఒక రోజు చచ్చిపోతాను కదా అని చిన్నపిల్లవాడిలా అడిగాడు. మేమందరం పోయేవాళ్లమే, అయినా వేళకి తింటూనే ఉన్నాం, కూర చల్లారిపోతోంది, తొందరగా తేల్చుకో అంది సింగవ్వ.

జటాళుడు చాలాసేపు చిలకని చూశాడు, దాకని చూశాడు. మళ్లీ చిలకని చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. చిలక ఒకసారి రెక్క విదిలించి, దాచిన బరువేదో దించుకున్నట్టు తేలిగ్గా ఎగిరిపోయింది. ప్రాణం తన చోటికి వచ్చింది. తాటిచెట్టంత మనిషి మామూలు ముసలాయనంత అయ్యాడు. మొహంలోకి రంగు వచ్చింది. ముందు కుండ మూత రమ్మని చెప్పాడు, తర్వాత దాక ముందు కూర్చున్నాడు. మాట తప్పే రకం కాదు, ఆకలే తెలీని రకం.

ఉరుము కుండలోంచి బయటికి దూకి, మూడేళ్ల మాటలన్నీ ఒక్కసారే చెబుతున్నట్టు దొర్లుకుంటూ ఏడు సముద్రాల మీదుగా కుంకుమగిరి వైపు వెళ్లిపోయింది. ఆ మోతకి పొయ్యి రాళ్లు రెండు అదిరి, ఒళ్లు విరుచుకుని లేచి నిలబడ్డాయి. ఒకటి జయకేతు, ఒకటి విజయకేతు. వాళ్ల వెంట వచ్చిన సైన్యమూ ఏనుగులూ మొదటి సముద్రం ఒడ్డునే చెదిరిపోయాయట. పెద్దవాడు వెండి ఉంగరాన్ని నమ్మి మొదటి పనిలోనే రాయయ్యాడు. నడిమివాడు నాకు పుట్టగొడుగులంటేనే పడదు, ఒక్కటీ ఏరను అని మొదటి గండం తెలీకుండానే దాటేసి, రెండో పనిలో కత్తితో తలుపు మీద కొట్టి రాయయ్యాడు. ఇద్దరికీ వీపుల మీద జానెడు మసి. నడుము ఎందుకింత వెచ్చగా ఉందని ఒకర్నొకరు అడుగుతుంటే, సింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. వాళ్లకీ చెరో ముద్ద పెట్టింది. పుట్టగొడుగులు పడని విజయకేతు రెండోసారి చెయ్యి చాపాడు.

వాళ్లు ఇంటిదారి పట్టేసరికి జటాళుడు కూడా ఒడ్డున తాబేలు పక్కన నిలబడి ఉన్నాడు. మళ్లీ ఆకలేస్తే ఇక్కడ నాకెవరు పెడతారని నసిగాడు. ఎక్కు అంది సింగవ్వ.

పుట్టలగూడెం చేరేసరికి వాన వెలిసి మూడో రోజు. మూటలు సర్దుకున్నవాళ్లు మూటలు విప్పుతున్నారు. పొన్నారి ఒడి నిండా పుట్టగొడుగులతో కొండ దిగుతూ ఎదురొచ్చింది. అవ్వని చూసి ఒడి వదిలేసి పరిగెత్తింది, పుట్టగొడుగులన్నీ దారి పొడుగునా రాలిపోయాయి. రాజకుమారుడు వంగి ఒక్కొక్కటీ విరగకుండా ఏరి తెచ్చాడు. అతనికి ఏరడం వచ్చినట్టే ఉందే అంది పొన్నారి. మిగతాది నువ్వు నేర్పాలట, మీ అవ్వ చెప్పింది అన్నాడు పుష్పకేతు.

నెల తిరక్కుండా వాళ్ల పెళ్లయింది. విందులో నూట ఒక్క వంటకాలు చేశారు గానీ, అందరూ చేరింది పుట్టగొడుగుల దాక చుట్టూనే. పుష్పకేతు రాజయ్యాడు, పొన్నారి రాణి అయింది. వాళ్లు అరవై ఏళ్లు ఏలారు. ఆ అరవై ఏళ్లూ కోట వంటింటి తలుపు మూసిందే లేదు. ఏటా తొలి ఉరుముకి రాజూ రాణీ బుట్టలు పట్టుకుని గూడేనికి వచ్చేవాళ్లు.

జటాళుడు గూడెంలోనే ఉండిపోయాడు. మొదట్లో పిల్లలు అతన్ని చూసి దాక్కునేవాళ్లు, తర్వాత అతని జడలు పట్టుకుని ఉయ్యాలలూగేవాళ్లు. సింగవ్వ అతనికి పుట్టగొడుగులు ఏరడం నేర్పింది. ఏదైనా కొత్తది కనపడితే, అక్కా, ఇది మనం ఎరుగుదుమా అని ఆమెకి తెచ్చి చూపించేవాడు. ఎరగం అంటే అక్కడే పారేసేవాడు. తనకి దొరికిన వాటిలో పెద్ద దోసెడు ఆమె వాకిట్లో పెట్టి పోయేవాడు.

ఏరేవాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. ఎవరికైనా ఒక మంచి పుట్ట దొరికితే, అదెక్కడుందో కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పరు. పెట్టేటప్పుడు ఊరంతటికీ పెడతారు, చోటు మాత్రం చెప్పరు. పోయేముందు ఒక్కరికి చెప్పి పోతారు. జటాళుడికీ అలాంటి పుట్ట ఒకటి ఉండేది. ఏటా తెల్లవారగట్ల ఎవరూ చూడకుండా చుట్టు తిరిగి వెళ్లేవాడు. అతని పెద్ద పాదాల గుర్తులు బురదలో వరసగా పడి ఉండేవి. గూడెమంతా ఆ గుర్తులు చూసేది, సింగవ్వా చూసేది. ఎవరూ వాటి వెంట పోలేదు.

అలా పదకొండు తొలకరులు తిన్నాడు. పన్నెండో తొలకరికి మంచాన పడ్డాడు. నొప్పీ లేదు, బాధా లేదు, మూడు వందల ఏళ్ల అలసట అంతే. సింగవ్వ పక్కన కూర్చుని గంజి పట్టింది. రెండు గుక్కలు తాగి, చాలన్నాడు. బయట పిల్లలు ఆడుకుంటున్నారు. అతను తల తిప్పి, వాకిట్లో ఎవరూ లేరని చూసుకుని, ఆమెని దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. సింగవ్వ వంగి చెవి పెట్టింది.

"అక్కా, ఉలవగుట్ట వెనక వాలులో, పగిలిన బండకి పడమటి పక్కన. నిన్ననే ఉరిమింది, రేపటికి లేస్తాయి. మేకలు తొక్కకముందే వెళ్లు."